పదుల లెక్క, రెండ్ల లెక్క, పదహార్ల లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు కంప్యూటర్ ఉద్యోగం, సాయంత్రం మా వీధి పిల్లలకి లెక్కలు చెప్పడం. ఈ రెండు చోట్లా నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలివి. వరుసగా చదవాలనేం లేదు కానీ మొదటి రెండూ చదివితే మిగతావి తేలిగ్గా ఎక్కుతాయి.

అసలు బేస్ అంటే ఏమిటి?

ఎన్ని పోగయ్యాక కట్ట కడతామో, అదే బేస్. తెలుగు పుస్తకాల్లో ఆధారం అని రాస్తారు.

ముందు కొన్ని అగ్గిపుల్లలు పోసుకోండి. పది కాగానే రబ్బరు బ్యాండు వేసి ఒక కట్ట. పది కట్టలు కాగానే ఒక సంచి. 347 అంటే మూడు సంచులు, నాలుగు కట్టలు, ఏడు విడిపుల్లలు. ఇప్పుడు అవే పుల్లల్ని విప్పేసి, ఎనిమిదేసి చొప్పున కట్టండి. ఎనిమిది కట్టలకో సంచి, అంటే సంచికి 64 పుల్లలు. ఐదు సంచులు (320), మూడు కట్టలు (24), మూడు విడిపుల్లలు వస్తాయి. రాస్తే 533. ఒక్క పుల్ల పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. మారింది రాత మాత్రమే.

ఎనిమిది బేస్‌లో 0 నుంచి 7 దాకానే అంకెలు. 8 అనే అంకె అక్కర్లేదు, ఎందుకంటే ఎనిమిదో పుల్ల రాగానే అది కట్టయి పక్క స్థానానికి వెళ్లిపోయింది. మనకి 'పది' అనే ఒంటి అంకె లేకపోవడానికి కూడా ఇదే కారణం.

ఎనిమిది బేస్‌లో ఎనిమిదిని ఎలా రాస్తారు?

10 అని. ఒక కట్ట, విడిపుల్లలు సున్నా. రెండు బేస్‌లో రెండుని కూడా 10 అనే రాస్తారు, పదహారు బేస్‌లో పదహారుని కూడా 10 అనే. ఏ బేస్‌లో ఉన్నవాడైనా "నాది 10 బేస్" అనే రాస్తాడు! అందుకే పది కాని బేస్‌లో ఉన్నప్పుడు 10ని 'పది' అని చదవకండి, 'ఒకటి సున్నా' అని చదవండి. పిల్లలు సగం తప్పులు ఇక్కడే చేస్తారు. రాసేది సరిగ్గానే రాస్తారు, పైకి చదివేటప్పుడు 101ని 'నూట ఒకటి' అనేసి ఆ తర్వాత లెక్కంతా వంద వైపు లాగేస్తారు.

మరి మనకి పదే ఎందుకు వచ్చింది?

వేళ్లు పది కాబట్టి. ఇంతకన్నా లోతైన గణిత కారణం లేదు. తెలుగు మాటలు కూడా పదుల మీదే నడుస్తాయి. ఇరవై, ముప్పై, నలభై అన్నీ పదుల కట్టలే. ఫ్రెంచి వాళ్లు 80ని 'నాలుగు ఇరవైలు' అంటారు, మనం ఎనిమిది పదులుగా 'ఎనభై' అంటాం.

వేళ్లతోనే వేరే లెక్క కూడా పెట్టొచ్చు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు ముట్టుకుంటూ పోతే ఒక చేతికి 12. ఒక్కో వేలిని తెరిచి మూసే స్విచ్ అనుకుంటే, రెండు చేతులతో 1023 దాకా లెక్కపెట్టొచ్చు. బస్సులో మాత్రం ప్రయత్నించకండి, నాలుగు దగ్గర మధ్యవేలు ఒక్కటే లేచి, పక్కవాళ్లు అపార్థం చేసుకుంటారు.

తెలుగువాళ్లు ఎప్పుడూ పదుల్లోనే లెక్కపెట్టారా?

లేదు. నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త ఎక్కువే చెబుతాను.

1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి వంద పైసలు లేవు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పావలా అంటే నాలుగు అణాలు, బేడ అంటే రెండు. రూపాయిని సగం, మళ్లీ సగం, మళ్లీ సగం, ఇంకో సగం చేస్తే అణా. సంతలో బేరానికి ఇదే హాయి, సగం చేయడం ఎవరికైనా వస్తుంది. 'పదహారణాల తెలుగమ్మాయి' అన్నప్పుడు మనం చెప్పేది నూటికి నూరు శాతం అనే, కాకపోతే పదహారు బేస్‌లో చెబుతున్నాం. నయా పైసలు వచ్చాక చిక్కొచ్చింది. అణాకు సరిగ్గా ఆరుంపావు నయా పైసలు. ఆ పావు పైసా ఎవరి జేబులోకి పోవాలి? పావలా మాత్రం 25 పైసలకి సరిగ్గా సరిపోయింది. 2011లో ఆ నాణెం చెలామణి ఆగిపోయినా మాట ఇంకా మన నోట్లో ఉంది.

పాత పద్దు పుస్తకాల్లో ఈ భిన్నాలకు తెలుగులో ప్రత్యేకంగా గుర్తులుండేవి. అవి నాలుగు బేస్‌లో నడిచేవి. పావు స్థానానికి నిలువు గీతలు: ఒక పావు ౹, రెండు పావులు ౺, మూడు పావులు ౻. దాని తర్వాతది వీసం, అంటే పదహారో వంతు. ఆ స్థానానికి అడ్డగీతలు: ౼, ౽, ౾. ఆ తర్వాతి 64వ వంతుకి మళ్లీ నిలువు గీతలు. నిలువు గీతల స్థానం ఖాళీగా ఉంటే ౸, దాని పేరు హళ్లి. ఏడు అణాలు రాయాలంటే ఒక పావలా, మూడు అణాలు కాబట్టి ౹౾. నిలువు, అడ్డం మారుతూ పోతాయి కాబట్టి ఏ గీత ఏ స్థానానిదో తికమక ఉండదు. 2008లో ఈ ఏడు గుర్తులూ యూనికోడ్‌లోకి (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పట్టికలోకి) వచ్చాయి. మీ ఫోన్‌లో ఇవి డబ్బాల్లా కనిపిస్తే తప్పు ఫాంట్‌ది.

ఇక కొలపాత్రలు. ఊరిని బట్టి తేడాలున్నా సాధారణంగా చెప్పే లెక్క ఇది: రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అన్నీ రెట్టింపులే. ఇప్పుడు 13 సోలల బియ్యం కొలవాలి. ఒక అడ్డ (8), ఒక మానిక (4), తవ్వ అక్కర్లేదు, ఒక సోల (1). అడ్డ ఉంది, మానిక ఉంది, తవ్వ లేదు, సోల ఉంది: 1101. పదమూడుని కంప్యూటర్ రాసుకునేది అచ్చం ఇలాగే. దీన్నే బైనరీ, అంటే రెండు బేస్ అంటారు. మన నాయనమ్మలకి ఆ మాట తెలియదు, అంతే.

అరవైల లెక్క కూడా ఉంది. రోజుకి 60 ఘడియలు, ఘడియకి 60 విఘడియలు. ఒక ఘడియ మన 24 నిమిషాలు. ప్రభవ నుంచి అక్షయ దాకా సంవత్సరాలు 60, అవి ఒక చుట్టు తిరిగితే షష్టిపూర్తి. ఇవి కొలతలూ చక్రాలూ మాత్రమే. పూర్తిగా 60 బేస్‌లో స్థాన విలువలతో సంఖ్యలు రాసినవాళ్లు బాబిలోనియా వాళ్లు, సుమారు 4000 ఏళ్ల కిందట. రెండు వర్గమూలాన్ని మట్టిపలక మీద 1; 24, 51, 10 (అంటే 1 + 24/60 + 51/3600 + 10/216000) అని చెక్కారు. మన దశాంశాల్లోకి తెస్తే 1.414213 దగ్గర, నిజం విలువకి ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది.

2.20 ఎకరాలు అంటే రెండున్నరా, రెండుంబావుకి తక్కువా?

ఎక్కడి భూమి అన్నదాన్ని బట్టి. నవ్వకండి, నిజంగానే.

ఆంధ్రలో ఎకరాకి 100 సెంట్లు. అక్కడ 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై సెంట్లు, కాలిక్యులేటర్‌లో కూడా 2.2. తెలంగాణలో ఎకరాకి 40 గుంటలు. అక్కడ అదే రాత రెండు ఎకరాల ఇరవై గుంటలు. ఇరవై గుంటలంటే అరెకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. చుక్క ఒకటే, దాని తర్వాత వచ్చే బేస్ వేరు. ఒకచోట వంద, ఇంకోచోట నలభై.

మా బంధువొకాయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ తెలంగాణలో పొలం బేరం చేస్తూ 2.20ని ఎకరా ధరతో నేరుగా గుణించేశాడు. అమ్మేవాళ్లు చెప్పిన మొత్తం ఎక్కువగా కనపడేసరికి మోసం అని అలిగి లేచొచ్చాడు. తేడా 0.3 ఎకరం, అంటే 12 గుంటలు, గుంటకి 121 గజాల చొప్పున 1452 చదరపు గజాలు. తర్వాత టీ కొట్టు దగ్గర కాగితం మీద వేసి చూపిస్తే గానీ నమ్మలేదు. అందుకే గుంటల లెక్క ఉన్నచోట చుక్క కాకుండా 2-20 అని గీత పెట్టి రాయడమే మంచిదని నా అభిప్రాయం. కూడేటప్పుడు కూడా జాగ్రత్త: 1-25కి 1-25 కలిపితే 2-50 కాదు, 3-10.

క్రికెట్ ఓవర్లు కూడా ఇలాగేనా?

ఇలాగే. 4.3 ఓవర్లు అంటే నాలుగున్నర ఓవర్లు. చుక్క తర్వాత ఆరు బేస్. 19.5 తర్వాత ఇంకో బంతి పడితే 19.6 కాదు, 20. రన్ రేట్ లెక్కకట్టేటప్పుడు 4.3తో కాదు, 4.5తో భాగించాలి.

లక్షలు, కోట్లు వేరే బేసా?

కాదు. బేస్ పదే. కామాలు పెట్టే చోటు మాత్రమే వేరు. మనం 12,34,567 అని రాస్తే అమెరికాలో 1,234,567 అని రాస్తారు. అంకెలు, స్థానాలు అవే.

సున్నా మనవాళ్లే కనిపెట్టారా?

ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. ఖాళీ స్థానాన్ని చూపించడానికి ఒక గుర్తు పెట్టడం బాబిలోనియా వాళ్లూ చేశారు. సున్నాని కూడా ఒక సంఖ్యలా చూసి, దాన్ని కూడితే ఏమవుతుంది, గుణిస్తే ఏమవుతుంది అని సూత్రాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడాయన, అది మాత్రం నిలబడలేదు. గ్వాలియర్ కోటలోని చతుర్భుజ ఆలయంలో 876 నాటి శాసనం ఉంది. గుడి పూలతోట 270 మూరల పొడవని, రోజుకి 50 దండలని అందులో చెక్కారు. ఆ 270లో, 50లో సున్నా మన సున్నాలాగే గుండ్రంగా కనిపిస్తుంది. కంబోడియాలో దొరికిన ఒక శాసనం ఇంకా ముందుది, శకం 605, అంటే 683వ సంవత్సరం.

ఇక్కడి నుంచి ఈ పద్ధతి అరబ్బుల దగ్గరికి, అక్కడి నుంచి యూరప్‌కి పోయింది. బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ తొమ్మిదో శతాబ్దంలో దీని మీద పుస్తకం రాశాడు. అల్గోరిథమ్ అనే మాట ఆయన పేరు నుంచి వచ్చిందే. ఇటలీలో ఫిబొనాచ్చి 1202లో రాశాడు. అప్పటిదాకా రోమన్ అంకెలతో 888 రాయాలంటే 12 అక్షరాలు పట్టేవి.

కంప్యూటర్‌కి రెండు బేసే ఎందుకు? పది పెట్టొచ్చుగా?

పెట్టొచ్చు, తొలినాళ్లలో పదుల యంత్రాలు ఉన్నాయి కూడా. కానీ ఒక తీగలో కరెంటు ఉందా లేదా అని తేల్చడం తేలిక. పది స్థాయిల్లో ఎంత ఉందో తేల్చాలంటే ఆరుని ఏడుగా పొరబడే ప్రమాదం ఎక్కువ. వేడెక్కితే ఇంకా ఎక్కువ.

రెండు గుర్తులతో ఆట మనకి కొత్తేం కాదు. ఛందస్సు చదువుకున్నవాళ్లు గురువు, లఘువు పెట్టే ఉంటారు. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకు? ఒక్కో అక్షరానికి రెండు అవకాశాలు, కాబట్టి 2×2×2. గురువుని 1, లఘువుని 0 అనుకోండి. న గణం 000, స గణం 001, జ గణం 010, య గణం 011, భ గణం 100, ర గణం 101, త గణం 110, మ గణం 111. సున్నా నుంచి ఏడు దాకా ఒక్కటి కూడా తప్పిపోలేదు.

'యమాతారాజభానసలగం' అని బడిలో బట్టీపట్టామే, దాన్ని ఇలాగే రాస్తే 0111010001. ఎక్కడ మొదలుపెట్టి వరుసగా మూడు అంకెలు తీసినా ఒక గణం వస్తుంది, ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. పది అక్షరాల్లో ఎనిమిదింటినీ ఇరికించినవాడెవరో గానీ దండం పెట్టాలి. పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఈ గురులఘువుల వరుసలన్నీ ఎలా రాసుకుపోవాలో చెప్పే ప్రస్తారం ఉంది. అయితే దాన్ని పట్టుకుని కంప్యూటర్ మనమే కనిపెట్టాం అనడం అతి. సున్నా, ఒకట్లతో కూడికలు తీసివేతలు చేసి చూపిన వ్యాసాన్ని జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1703లో రాశాడు.

45ని బైనరీలోకి ఎలా మార్చాలి? పరీక్షలో టెన్షన్‌గా ఉంది.

రెండుతో భాగిస్తూ పోండి, శేషాలు పక్కన రాసుకోండి. 45లో సగం 22, శేషం 1. 22లో సగం 11, శేషం 0. 11లో 5, శేషం 1. 5లో 2, శేషం 1. 2లో 1, శేషం 0. 1లో 0, శేషం 1. ఇప్పుడు కింది నుంచి పైకి: 101101.

కింది నుంచే ఎందుకు? మొదటి శేషం జతల్లో చేరకుండా మిగిలిపోయిన విడిపుల్ల, కాబట్టి అది చివర కుడివైపు కూర్చోవాలి. ఈ కారణం తెలిస్తే పరీక్షలో తిరగేసి రాసే ప్రమాదం ఉండదు. సరిచూసుకోవడానికి కుడి నుంచి 1, 2, 4, 8, 16, 32 అని రాసుకుని, 1 ఉన్నచోట్లవి కూడండి: 32+8+4+1 = 45. వేరే ఏ బేస్‌కైనా ఇదే పద్ధతి, రెండు బదులు ఆ బేస్‌తో భాగిస్తారు.

హెక్సాడెసిమల్‌లో అక్షరాలు ఎందుకు వస్తాయి?

పదహారు బేస్‌కి పదహారు అంకెలు కావాలి, మన దగ్గర ఉన్నవి పదే. మిగతా ఆరింటికి ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు వాడుకున్నారు. ఎ అంటే 10, ఎఫ్ అంటే 15. మనుషులు బైనరీ చదవలేరు, కళ్లు తిరుగుతాయి. నాలుగేసి బైనరీ అంకెలు సరిగ్గా ఒక హెక్స్ అంకె అవుతాయి కాబట్టి ఇది పొట్టి రాత. 45ని 0010 1101గా విడదీస్తే 2, 13. అంటే 2డి.

మీరు చదువుతున్న ఈ అక్షరాల చిరునామాలు కూడా హెక్స్‌లోనే ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగుకి 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా 128 గళ్లు ఇచ్చారు. 'అ' ఉండేది 0సి05లో. పదుల్లో చూస్తే 12×256+5 = 3077. 'క' 0సి15, అంటే 3093. వీసాల గీతలు, హళ్లి కూడా ఈ వీధి చివరే ఉన్నాయి, 0సి78 నుంచి.

1 టీబీ హార్డ్ డిస్క్ కొంటే 931 జీబీ చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడా?

లేదు. తయారుచేసేవాళ్లు టీబీ అంటే పది బేస్‌లో లక్ష కోట్ల బైట్లు అంటారు. విండోస్ జీబీ అంటే 1024ని మూడుసార్లు గుణించి వచ్చిన 107 కోట్ల పైచిలుకు బైట్లు అనుకుంటుంది. భాగిస్తే 931.

0.1కి 0.2 కలిపితే కంప్యూటర్ 0.30000000000000004 అంటోంది. ఎందుకు?

మూడో వంతుని మనం పది బేస్‌లో రాయబోతే 0.3333 అంటూ ఎప్పటికీ అవదు. మూడు బేస్‌లో అదే 0.1, ఒక్క అంకెతో సరి. ప్రతి బేస్‌కీ ఇలాంటి మొండి భిన్నాలుంటాయి. రెండు బేస్‌కి పదో వంతు మొండిది: 0.000110011 అంటూ తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ ఎక్కడో ఒకచోట కత్తిరించాలి. ఆ కత్తిరించిన ముక్కే మీకు చివర్లో కనిపించింది.

ఇది చిన్న విషయం కాదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో క్షిపణుల్ని గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థ వచ్చే క్షిపణిని పట్టుకోలేకపోయింది. అది కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది, ఆ పదో వంతుని 24 బిట్లకి (బైనరీ అంకెలకి) కత్తిరించి వాడేది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి తేడా సెకనులో మూడో వంతుకి చేరింది. 28 మంది సైనికులు చనిపోయారు. డబ్బు లెక్కల ప్రోగ్రాములు రాసేవాళ్లు రూపాయల్లో చుక్కలు పెట్టకుండా మొత్తం పైసల్లో పూర్ణాంకాలుగా దాచుకోవడం ఈ భయంతోనే.

పదికన్నా పన్నెండు మంచి బేస్ అంటారు, నిజమేనా?

పంచుకోవడానికి మంచిదే. 12ని 2, 3, 4, 6తో భాగించొచ్చు, పదిని 2, 5తోనే. అరటిపండ్లు డజన్లలో అమ్మడం హాయిగా ఉండేది అందుకే. కానీ ఇప్పుడు మార్చడం జరిగే పని కాదు. ఫ్రెంచి విప్లవకారులు ఉల్టాగా ప్రయత్నించారు: 1793లో రోజుని 10 గంటలు, గంటని 100 నిమిషాలు చేశారు. రెండేళ్లు కూడా నిలవలేదు.

బేస్ మారితే ప్రధాన సంఖ్యలు మారతాయా?

మారవు. పదమూడు పుల్లల్ని ఏ బేస్‌లో రాసినా సమాన వరుసలుగా పేర్చలేరు. మారేవి రాతకి సంబంధించిన చిట్కాలు. అంకెల మొత్తం 9తో భాగమైతే సంఖ్యా భాగమవుతుందన్న చిట్కా పది బేస్ రాతని బట్టి వచ్చింది. ఎనిమిది బేస్‌లో ఆ మర్యాద 7కి దక్కుతుంది, బేస్‌కన్నా ఒకటి తక్కువది కాబట్టి.

ఐదో తరగతి పిల్లకి ఇవన్నీ ఎలా చెప్పాలి?

బోర్డు వద్దు. చింతపిక్కలు, మూడు గిన్నెలు చాలు. కుడివైపు గిన్నెలో ఒక్కొక్క పిక్క వేయమనండి. ఐదు కాగానే అవి తీసేసి, మధ్య గిన్నెలో ఒకటి వేయాలి. మధ్యలో ఐదైతే అవి తీసి ఎడమ గిన్నెలో ఒకటి. ఇలా 27 దాకా లెక్కపెట్టమనండి. మొన్న మా వీధి పిల్ల ఒకతి ఇదే చేసింది. ఎడమ గిన్నెలో ఒకటి, కుడి గిన్నెలో రెండు. 12 అని రాసింది. "పన్నెండు దాకా వచ్చినప్పుడు గిన్నెలు ఎలా ఉన్నాయి?" అన్నాను. మళ్లీ మొదటి నుంచి వేసింది. పన్నెండు దగ్గర మధ్య గిన్నెలో రెండు, కుడి గిన్నెలో రెండు: 22. మళ్లీ 27 దాకా వేసుకుని, మధ్య గిన్నెని వంచి చూసి అడిగింది, "అన్నయ్యా, ఇది ఖాళీగా ఉంది కదా, దీన్ని కూడా రాయాలా?"